పిలుపు రాని రెజ్యూమెను సరిదిద్దుకోవడం ఎలా?

అకౌంట్స్ విభాగంలో నాలుగేళ్ల అనుభవం ఉన్న మీరు ఒకే మూడు పేజీల రెజ్యూమెను కొన్ని నెలలుగా కనిపించిన ప్రతి ప్రకటనకూ పంపుతున్నారని, ఒకటి రెండు చోట్ల తప్ప ఎక్కడి నుంచీ ఇంటర్వ్యూ పిలుపు రాలేదని, ఖరీదైన టెంప్లేటు కొంటే ఫలితం మారుతుందా అని అడిగారు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న మీ చెల్లెలికి అనుభవమే లేదు కాబట్టి ఆమె ఏం రాయాలన్నది మీ రెండో ప్రశ్న. చాలా ఏళ్లుగా ఉద్యోగాల భర్తీలో దరఖాస్తులు చదువుతూ, అభ్యర్థులను వడపోస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: టెంప్లేటు కొనవద్దు. మీరు జతచేసిన ప్రతిని పూర్తిగా చదివాను. అందులో మీరు ఏయే పనులు చేస్తుంటారో ఉంది గాని, ఆ పనులు మీరు చేయడం వల్ల సంస్థకు ఏం ఒరిగిందో ఎక్కడా లేదు. పైగా ఏ ఉద్యోగం కోసం రాశారో ఎంత చదివినా తెలియడం లేదు. ఈ రెండూ సరిచేస్తే, సాదా తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలతో ఉన్న రెజ్యూమె కూడా పనిచేస్తుంది.

ముందుగా మీ రెజ్యూమెను ఎవరు, ఎలా చదువుతారో తెలుసుకోవాలి. మొదట చూసే వ్యక్తి నియామక విభాగంలో ఉంటారు. ఆ రోజు వారి ముందు మీలాంటి వారి దరఖాస్తులు కుప్పగా ఉంటాయి. లాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైటు 2012లో 30 మంది నియామక నిపుణుల కంటి కదలికలను నమోదు చేసి, ఒక రెజ్యూమె మీద వారి తొలి చూపు సుమారు 6 సెకన్లు నిలుస్తోందని ప్రకటించింది. 2018లో మళ్లీ చేసినప్పుడు అది 7.4 సెకన్లు అని చెప్పింది. కొద్దిమందితో ఒక వ్యాపార సంస్థ చేసిన పరిశీలన కాబట్టి ఆ అంకెను శిలాశాసనంగా తీసుకోనక్కరలేదు గాని, ఆ తొలి చూపులో కళ్లు ఎక్కడ ఆగాయన్నది నా అనుభవానికి సరిపోతుంది: పేరు, ప్రస్తుత హోదా, సంస్థ, తేదీలు, అంతకుముందు ఉద్యోగం, చదువు. ఆ చూపులో 'ఈ మనిషి మనం వెతుకుతున్న పనికి దగ్గరగా ఉన్నారు' అనిపిస్తేనే మిగతాది చదువుతారు. రెండో పాఠకుడు మీరు ఎవరి కింద పనిచేయబోతున్నారో ఆ మేనేజరు. ఆయన ప్రతి పంక్తినీ చదువుతారు, అందులో అతిశయోక్తి ఉంటే వెంటనే పట్టుకుంటారు, ఇంటర్వ్యూలో ఆ పంక్తుల మీదే ప్రశ్నలు వేస్తారు. మొదటి పాఠకుడి తొందరకూ, రెండో పాఠకుడి లోతుకూ ఒకే కాగితం సరిపోవాలి. రెజ్యూమె రాయడంలో ఉన్న అసలు కష్టం ఇదే.

అందుకే రాయడం కంటే ముందు ప్రకటనను చదవడం నేర్చుకోవాలి. ఒక ప్రకటనను ఎదుట పెట్టుకుని, తప్పనిసరి అని చెప్పిన అర్హతలను ఒక రంగుతో, ఉంటే మంచిదని చెప్పినవాటిని మరో రంగుతో గుర్తించండి. ఒకే విషయం రెండు మూడు చోట్ల వేరువేరు మాటల్లో కనిపిస్తే అక్కడే ఆ సంస్థకు ఇబ్బంది ఉందని గ్రహించండి. ఉదాహరణకు, 'గడువులోగా నెలాఖరు లెక్కలు ముగించడం', 'ఒత్తిడిలో పనిచేయడం', 'ఇతర విభాగాలతో సమన్వయం' అని ఒకే ప్రకటనలో ఉంటే, అక్కడ నెలవారీ లెక్కలు ఆలస్యమవుతున్నాయనీ, ఇతర విభాగాల నుంచి కాగితాలు సకాలంలో రావడం లేదనీ ఊహించవచ్చు. మీకు ఆ విషయంలో అనుభవం ఉంటే అది మొదటి పేజీ పై భాగంలో కనిపించాలి. మూడో పేజీ అడుగున ఉంటే లేనట్టే.

సుమారు 1482లో లియొనార్డో డా విన్సీ మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా కొలువు కోరుతూ సిద్ధం చేసిన లేఖ ముసాయిదా ఒకటి నేటికీ నిలిచి ఉంది. అందులో ఆయన తేలికగా మోసుకుపోగల వంతెనలు, కోటల ముట్టడికి పనికొచ్చే ఉపాయాలు, ఫిరంగులు, కప్పు ఉన్న యుద్ధ శకటాలు తాను చేయగలనని వరుసగా రాసి, శాంతి కాలంలో కట్టడాలు, శిల్పం, చిత్రలేఖనం కూడా చేయగలనని చిట్టచివర చేర్చాడు. ఆ కాలంలో ఆ పాలకుడికి ముందుగా కావలసింది యుద్ధ సామగ్రి కాబట్టి, తనకు పేరు తెచ్చిన విద్యను వెనక్కి పెట్టి, ఎదుటివారి అవసరాన్ని ముందుకు తెచ్చాడు. మీరు చేయవలసిన ఎంపిక కూడా ఇటువంటిదే. మీకు గర్వంగా అనిపించే విషయం ఈ ప్రకటనకు సంబంధించనిదైతే దాన్ని ఒక పంక్తికి కుదించడానికి వెనకాడకండి.

దీనికి నేను సూచించే పద్ధతి ఏమిటంటే, ఎవరికీ పంపని ఒక పెద్ద ఫైలును మీ కోసం మీరే తయారు చేసుకోవాలి. నాలుగేళ్లలో చేసిన ప్రతి పని, నేర్చుకున్న ప్రతి సాఫ్ట్‌వేరు, పరిష్కరించిన ప్రతి చిక్కు, అందుకున్న ప్రతి ప్రశంస అందులో తేదీలతో సహా ఉండాలి. అది ఎన్ని పేజీలైనా ఫరవాలేదు. ఒక్కొక్క ప్రకటనకు అందులోంచి తగినవి మాత్రమే ఏరి, క్రమం మార్చి, ఒకటి లేదా రెండు పేజీల రెజ్యూమె తయారు చేయాలి. ఒక్కో దరఖాస్తుకు గంట పట్టవచ్చు. అందువల్ల మీరు పంపే దరఖాస్తుల సంఖ్య తగ్గుతుంది, తగ్గనివ్వండి. గురి లేకుండా వంద చోట్లకు పంపేకంటే, అర్హతలు నిజంగా సరిపోయే పది చోట్లకు శ్రద్ధగా పంపడం మేలు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. మీ రెజ్యూమెలో ప్రస్తుత ఉద్యోగం కింద ఇలా ఉంది: 'వెండర్ ఇన్‌వాయిస్‌లు నమోదు చేయడం, బ్యాంకు రీకన్సిలియేషన్ చేయడం, నెలవారీ నివేదికలు తయారు చేయడం.' ఈ మాటలు ఏ అకౌంట్స్ ఉద్యోగి రెజ్యూమెలోనైనా ఉంటాయి. మీ పక్క కుర్చీలో కూర్చునే వ్యక్తి కూడా అక్షరం మార్చకుండా ఇదే రాసుకోవచ్చు. మీ హోదా చూడగానే ఈ పనులు చేస్తారని చదివేవారికి తెలుసు కనుక ఈ మూడు పంక్తుల వల్ల వారికి కొత్తగా తెలిసిందేమీ లేదు. అదే పనిని ఇలా రాశారనుకోండి: 'నెలకు సుమారు 400 వెండర్ ఇన్‌వాయిస్‌లను పరిశీలించి నమోదు చేస్తాను, కొనుగోలు ఆర్డరుతో సరిపోలని ఇన్‌వాయిస్‌లను వచ్చిన రోజే వేరుచేసే ఎక్సెల్ పట్టికను రూపొందించడం వల్ల నెలాఖరు ముగింపు 9 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది.' ఈ అంకెలు నేను ఉదాహరణ కోసం వేసినవి, మీవి మీరు లెక్కించుకోవాలి. ఇక్కడ పని పరిమాణం తెలిసింది, మీరు స్వయంగా ఆలోచించి చేసిన మార్పు తెలిసింది, దాని ఫలితం తెలిసింది. మేనేజరుకు మిమ్మల్ని పిలిచి 'ఆ పట్టిక ఎలా తయారు చేశారు?' అని అడగాలనిపిస్తుంది. అలా అడగాలనిపించడమే ఆ పంక్తి ప్రయోజనం.

గూగుల్ సంస్థలో మానవ వనరుల విభాగానికి అధిపతిగా పనిచేసిన లాస్లో బాక్ ఇటువంటి పంక్తికి మూడు భాగాలుండాలని చెప్పారు: ఏం సాధించారు, దాన్ని దేనితో కొలిచారు, ఏం చేయడం ద్వారా సాధించారు. ఈ మూడింటిలో చాలామంది వదిలేసేది మూడోది. 'ఖర్చులు 12 శాతం తగ్గించాను' అని మాత్రమే రాస్తే, అది మీ వల్లే తగ్గిందో, ఆ ఏడాది పనే తగ్గి ఖర్చు కూడా తగ్గిందో చదివేవారికి తెలియదు. ఎలా తగ్గించారో అరపంక్తిలో చెబితే అంకెకు నమ్మకం వస్తుంది.

'నా పనిలో అంకెలేమీ లేవు' అని మీరు అనవచ్చు, ఇది నాకు తరచుగా వినిపించే మాట. ఆదాయం, లాభం మాత్రమే అంకెలు కావు. ఎన్ని ఖాతాలు చూస్తారు, ఎన్ని శాఖల లెక్కలు మీ చేతుల మీదుగా వెళ్తాయి, ఎంతమందికి పని నేర్పారు, ఆడిట్ సమయంలో మీ విభాగం మీద ఎన్ని అభ్యంతరాలు వచ్చేవి, ఇప్పుడు ఎన్ని వస్తున్నాయి, పాత బకాయిల్లో ఎంత భాగం వసూలైంది, ఒక పనికి ముందు ఎంత సమయం పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అని ఒక్కొక్కటే వేసుకుంటూ వెళితే జవాబులు దొరుకుతాయి. నిజంగా కొలవలేని చోట, మీ మీద ఉంచిన నమ్మకాన్ని చెప్పండి. మేనేజరు సెలవులో ఉన్నప్పుడు చెల్లింపుల ఆమోదం మీకు అప్పగించారంటే, కొత్త సాఫ్ట్‌వేరు పరీక్షకు విభాగం తరఫున మిమ్మల్ని పంపారంటే, అవి అంకెలు లేని బలమైన సాక్ష్యాలు. అలాగని లేని అంకెను పుట్టించకండి. ప్రతి అంకెనూ ఎలా లెక్కించారో ఇంటర్వ్యూలో వివరించగలగాలి, సుమారు అంకె అయితే సుమారు అనే రాయాలి. మీ సంస్థ బయటపెట్టని టర్నోవరు, ఖాతాదారుల పేర్లు వంటివి రాయకుండా శాతాల్లో చెప్పండి. పాత యజమాని రహస్యాలను కాగితం మీద పెట్టే అభ్యర్థిని కొత్త యజమాని, ముఖ్యంగా అకౌంట్స్ ఉద్యోగానికి, తీసుకోరు.

ఈ మార్పు చేశాక మీ రెజ్యూమె మొదట్లో ఉన్న 'సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించుకునే అవకాశం కోరుతున్నాను' అనే పేరాను తీసివేయండి. అది మీకేం కావాలో చెబుతుంది, చదివేవారికి కావలసింది చెప్పదు. దాని స్థానంలో రెండు మూడు వాక్యాల పరిచయం రాయండి: ఏ రంగంలో ఎన్నేళ్ల అనుభవం, ఏ పనిలో పట్టు, ఈ ప్రకటనకు సంబంధించి మీ అతి ముఖ్యమైన ఫలితం ఏమిటి. 'కష్టపడి పనిచేస్తాను', 'నలుగురితో కలిసిపోతాను', 'త్వరగా నేర్చుకుంటాను' వంటి విశేషణాలను అన్నిచోట్లా కొట్టేయండి. అలాగే నైపుణ్యాల పక్కన ఎక్సెల్‌కు ఐదు నక్షత్రాల్లో నాలుగు అని బొమ్మలు వేశారు. ఆ నాలుగు దేనితో పోల్చి వేసినవో ఎవరికీ తెలియదు. పివట్ టేబుళ్లు, లుకప్ ఫార్ములాలు, మాక్రోల్లో మీకు ఏవి వచ్చో పేర్లు రాస్తే చాలు.

దరఖాస్తులను నిర్వహించే సాఫ్ట్‌వేరు, అంటే ఏటీఎస్, గురించి మీరు విన్న భయాల్లో కొంత నిజం, చాలా అతిశయం ఉంది. వర్క్‌డే, గ్రీన్‌హౌస్ వంటి ఈ వ్యవస్థలు ప్రధానంగా మీ ఫైలులోని పాఠాన్ని విడదీసి పేరు, చదువు, ఉద్యోగాలు అనే గడుల్లో నింపుతాయి, నియామక విభాగం వారు అందులో మాటలతో వెతుక్కుంటారు. ఎవరూ చూడకుండానే దరఖాస్తు ఆగిపోయిన సందర్భాల్లో కారణం తరచుగా, ఫారంలో అడిగే 'ఈ అర్హత ఉందా?', 'ఇక్కడ పనిచేయడానికి అనుమతి ఉందా?' వంటి ప్రశ్నలకు ఇచ్చిన జవాబే. కాబట్టి ఆ ఫారాన్ని ఆషామాషీగా నింపకండి. ఫైలు విషయానికొస్తే, మీ రెజ్యూమెలోని రెండు నిలువు వరుసలు, పట్టికలు, బొమ్మల్లో ఇమిడ్చిన అక్షరాలు, పేజీ హెడర్లో దాచిన ఫోన్ నంబరు ఆ విడదీతలో తారుమారయ్యే ప్రమాదం ఉంది. పరీక్షించడం చాలా సులువు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం పాఠాన్ని కాపీ చేసి, నోట్‌ప్యాడ్ వంటి సాదా ఎడిటర్లో అతికించి చదవండి. మాటలు క్రమం తప్పకుండా వస్తే యంత్రం కూడా దాదాపు అలాగే చదువుతుంది. ఒక్క అక్షరం కూడా కాపీ కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ అని అర్థం, దాన్ని ఎవరికీ పంపవద్దు. ప్రకటనలో వాడిన మాటనే మీరూ వాడండి, పొడి అక్షరాలు, పూర్తి పేరు రెండూ ఒక్కసారైనా కనిపించేలా చూడండి. ప్రకటనలోని మాటలను తెల్ల అక్షరాలతో కనబడకుండా నింపమని కొందరు ఇచ్చే సలహాను పాటించకండి. పాఠాన్ని విడదీసినప్పుడు ఆ మాటలు బయటపడతాయి, ఆ తర్వాత మీ నిజాయితీని ఎవరూ నమ్మరు.

మీరు మధ్యలో ఎనిమిది నెలలు ఉద్యోగం చేయలేదని, ఆ ఖాళీ కనిపించకుండా సంవత్సరాలు మాత్రమే రాశానని చెప్పారు. నెల, సంవత్సరం రెండూ రాయండి. ఖాళీ కంటే దాన్ని దాచే ప్రయత్నమే ఎక్కువ అనుమానం కలిగిస్తుంది, నేపథ్య పరిశీలనలో ఎలాగూ తెలుస్తుంది. కుటుంబ బాధ్యత వల్ల విరామం తీసుకున్నానని ఒక్క పంక్తి, ఆ కాలంలో ఏదైనా కోర్సు పూర్తి చేసి ఉంటే దాని పేరు రాస్తే సరిపోతుంది. జబ్బు వివరాలు, ఇంటి విషయాలు రాయనక్కరలేదు. తేదీలు లేకుండా నైపుణ్యాల వారీగా రాసే పద్ధతిని కూడా నేను మెచ్చను, అది చూడగానే అనుభవం ఉన్న పాఠకులు 'ఏం దాస్తున్నారు?' అని వెతకడం మొదలుపెడతారు. ప్రస్తుత ఉద్యోగం ముందు, పాతవి తర్వాత వచ్చే వరుసే అందరికీ అనువైనది.

వయసు, మతం, వైవాహిక స్థితి, ఎత్తు, బరువు తీసేయండి. చికాగో, బోస్టన్ నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ అనే ఆర్థికవేత్తలు సమాన అర్హతలున్న కల్పిత రెజ్యూమెలు పంపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, శ్వేతజాతీయుల పేర్లుగా ధ్వనించే పేర్లకు నల్లజాతీయుల పేర్లుగా ధ్వనించేవాటి కంటే సుమారు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. పేరును మార్చుకోలేము, మార్చుకోవలసిన అవసరమూ ఉండకూడదు. కానీ ఉద్యోగంతో సంబంధం లేని ఇతర వివరాలను ఇచ్చి వివక్షకు మరో దారి తెరవనక్కరలేదు. పిలుపు రాని ప్రతిసారీ తప్పు మీదే అనుకోవద్దని కూడా ఈ అధ్యయనం గుర్తుచేస్తుంది. ఫొటో విషయంలో దరఖాస్తు చేసే దేశాన్ని బట్టి నడుచుకోండి. అమెరికా, బ్రిటన్, కెనడాలలో ఫొటో పెట్టరు. జపాన్‌లో వాడే సంప్రదాయ దరఖాస్తు పత్రంలో ఫొటోకు ప్రత్యేక స్థానం ఉంటుంది, జర్మనీలో జతచేసే అలవాటు ఇంకా ఉంది.

మీ చెల్లెలి విషయంలో సూత్రం అదే, సాక్ష్యాలు మాత్రం వేరు. ఆమె చదువును పైన పెట్టి, దాని కింద ప్రాజెక్టులకు ఎక్కువ చోటివ్వాలి. 'నలుగురం కలిసి ప్రాజెక్టు చేశాం' అని ఆపకుండా, ఆ నలుగురిలో తాను చేసిన భాగం ఏమిటి, ఏ పద్ధతి ఎందుకు ఎంచుకుంది, చివరికి ఏం తేలింది అని రాయాలి. కళాశాల కార్యక్రమానికి వచ్చిన చందాల లెక్క చూడటం, చిన్న పిల్లలకు ట్యూషన్ చెప్పడం, సెలవుల్లో చేసిన పార్ట్‌టైమ్ పని కూడా అనుభవమే. వాటిలో బాధ్యత ఎంత, ఎంతకాలం అన్నది చెబితే చాలు. ఒక పేజీ దాటకూడదు. పేజీ నిండలేదని అభిరుచుల జాబితా పెంచడం కంటే, ఒక ప్రాజెక్టు గురించి మరో రెండు పంక్తులు రాయడం మంచిది.

రూపం గురించి ఎక్కువ చెప్పను. చదవడానికి వీలైన సాధారణ ఫాంటు, 10 నుంచి 12 పాయింట్ల అక్షరం, నాలుగు వైపులా కొంచెం ఖాళీ, ప్రకటనలో వేరే ఫార్మాటు అడగకపోతే పీడీఎఫ్ ఫైలు, ఫైలు పేరులో మీ పేరు, హోదా. ఇంతే. కృత్రిమ మేధ ఉపకరణాలను తప్పులు దిద్దుకోవడానికి, పొడవైన పంక్తిని కుదించడానికి వాడుకోండి గాని, మొత్తం రాయమని అడగకండి. ప్రకటనను అతికించి రాయించుకున్న రెజ్యూమెలు ఒకే మూసలో, నున్నగా, ఎవరివో చెప్పలేనట్టుగా ఉంటున్నాయి, చేయని పనులు కూడా అందులో చొరబడుతున్నాయి. మీరు పది నిమిషాలు మాట్లాడలేని ఏ పంక్తీ మీ పేరు కింద ఉండకూడదు.

ఈ వారం మీకు నిజంగా సరిపోయే రెండు ప్రకటనలు ఎంచుకుని, వాటికి మాత్రమే మొదటి పేజీని తిరగరాయండి. తర్వాత మీ రంగం తెలిసిన ఒకరికి ఆ పేజీని అర నిమిషం చూపించి తీసేసుకుని, 'ఈ వ్యక్తి ఏ పనిలో మంచివారు?' అని అడగండి. మీరు చెప్పాలనుకున్నదే వారి నోట రాకపోతే పై మూడో వంతు మళ్లీ రాయాలి. ఇలా తయారు చేసినవి పది పదిహేను పంపాక పిలుపులు రావడం మొదలై, ఇంటర్వ్యూల తర్వాత ఆగిపోతుంటే, రెజ్యూమెను మళ్లీ మళ్లీ దిద్దడం మానేసి ఇంటర్వ్యూ తయారీ మీద సమయం పెట్టండి. అప్పటికీ ఒక్క పిలుపూ రాకపోతే మాత్రం, ఎంచుకుంటున్న ప్రకటనల్లో తప్పనిసరి అర్హతలు మీకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ ప్రకటనలతో పాటు కొత్త ప్రతిని పంపండి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను.